నోరు కట్టుకుని తెంపిన ఆకు

మొన్న పొద్దున లేచి వంటింట్లోకి వెళ్లేసరికి మిక్సీ గిన్నెలోంచి ఒక పచ్చి వాసన వచ్చింది. పుదీనా కాదు, కొత్తిమీర కాదు, పుంటికూర అసలే కాదు. కాస్త చేదు, కాస్త వగరు, వాన వెలిశాక గడ్డిని కాలితో నలిపితే వచ్చే వాసనకు దగ్గరగా ఉంది. సంగారెడ్డిలో డిగ్రీ చదువుతున్న మా మనవరాలు స్నేహ సెలవులకు నారాయణఖేడ్ వచ్చి, నేను చట్నీ చేసుకునే గిన్నెలో ఏవో ఆకులు వేసి తిప్పి, ఆ రసాన్ని తెల్లగుడ్డలో వడగట్టి చిన్న సీసాలోకి వంచుకుంటోంది. నా గిన్నె పాడు చేసిందని కోప్పడదామనే నోరు తెరిచాను. కానీ వాసన ముక్కుకు తగిలేసరికి మాట రాలేదు, తెరిచిన నోటితో గడప దగ్గరే నిలబడిపోయాను. మాటకు తడుముకోవడమన్నది నా ఒంట్లోనే లేదని నన్ను ఎరిగినవాళ్లందరికీ తెలుసు కాబట్టి, స్నేహ భయపడి వచ్చి నా నుదురు పట్టి చూసింది.

"గిది కాలేజీ పని నానమ్మా" అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పింది. "గాజు పళ్లెంల సూక్ష్మజీవుల్ని పెంచుతం. నడుమల గీ పసరు సుక్క పెడ్తం. పసరుల బలముంటే దాని సుట్టు అవి పెరగవు. గుండ్రంగ ఖాళీ జాగ పడ్తది. గా జాగ ఎంత పెద్దగుంటే ఆకుకు అంత బలమున్నట్టు."

వేపాకుకు ఎంత జాగా పడిందో, తులసికి ఎంత పడిందో చెప్పి, ఇప్పుడు ఈ ఆకు వంతు అన్నది. దానికి శాస్త్రంలో ఉన్న పేరు కూడా చెప్పింది గాని, అది నా నాలుకకు లొంగే పేరు కాదు. ఆ ఆకు నాకు తెలుసు అన్నాను. ఎట్లా తెలుసని అడిగింది. అడగకపోయినా చెప్పేదాన్నే. టిఫిన్ చల్లారిపోయేదాకా చెప్పాను. ఆ చెప్పిందే ఇక్కడ కుదురుగా రాస్తున్నాను.

నా చిన్నతనం నిజాం పాలన చివరి ఏళ్లలో గడిచింది. ఏ ఏడు అని అడిగితే చెప్పలేను. మా ఇంట్లో ఏళ్లను పంటలతో గుర్తుపెట్టుకునేవాళ్లు గాని అంకెలతో కాదు. మా వాడలో ఇళ్లన్నీ మట్టి గోడలవే, అందులో చాలావరకు మిషన్‌లో కలిసిన కుటుంబాలు. క్రిస్మస్ ముందు ఆ గోడలకు సున్నం కొట్టి, వెదురు బద్దలతో చుక్కలు చేసి రంగు కాగితం అంటించి, వసారాలో వేలాడదీసేవాళ్లు. పండక్కి గారెలు, బెల్లం పాసెం, కొబ్బరి దొరికిన ఏడు గర్జెలు. పండుగ వెళ్లిపోయినా చలి వెళ్లేది కాదు, చలితో పాటే వచ్చే తిండీ వెళ్లేది కాదు. పచ్చి కందికాయలు ఉప్పు వేసి కుండ నిండా ఉడకబెట్టి చాట మధ్యలో గుమ్మరిస్తే, చుట్టూ కూర్చుని వొలుచుకు తింటుంటే చేతులు వేడికి ఎర్రబడి, గోళ్ల సందుల్లో ఉప్పు మంట పుట్టేది. జొన్న చేలో పాలకంకుల్ని పిడకల నిప్పు మీద కాల్చి, గంపలో వేసి నలిపి, ఊక ఊది ఇచ్చే ఊసబియ్యం రుచిని ఇప్పటి పిల్లలకు నేను ఏ మాటల్లో చెప్పాలి, నేను చెప్తుంటే వాళ్లు చేతిలో ఫోను చూసుకుంటారు. అంగడి రోజు నాగల్‌గిద్ద దిక్కు నుంచి పప్పులు తెచ్చే ఆడవాళ్లు సగం తెలుగు, సగం కన్నడం కలిపి బేరమాడుతుంటే, మేము వాళ్ల వెనక నిలబడి ఆ మాటల్ని అచ్చం అట్లాగే అని చూపించి తన్నులు తినేవాళ్లం.

నా పేరు సువార్త. పేరుకు తగ్గట్టే వాడలో ఏ కబురైనా మొదట నా నోటి నుంచే బయటపడేది. ఎవరింట్లో కోడి పొదిగింది, ఎవరి బర్రె కట్టు తెంపుకుంది, పంతులు పెండ్లాం ఏ కూర వండింది, అన్నీ నేనే చేరవేసేదాన్ని. నిద్రలో కూడా మాట్లాడతానని మా అమ్మ అందరితో చెప్పేది. "లొల్లి పిల్ల" అనేది నా రెండో పేరు. ఆ పేరుకు నేను సిగ్గుపడలేదు, ఇప్పటికీ పడను.

మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, పసరు మందు ఇచ్చేది. బాప్తిస్మంలో ఆమెకు ఎలీసబెతు అని పేరు పెట్టారట గాని, దాన్ని పూర్తిగా పలికే ఓపిక వాడలో ఎవరికీ లేక అందరూ ఎల్లవ్వ అనే పిలిచేవాళ్లు. కొడవలి తెగినా, ముల్లు దిగి చీము పట్టినా, పిల్లల నెత్తిన గడ్డలు లేచినా మా ఇంటికే వచ్చేవాళ్లు. అవ్వ పొద్దున్నే పోయి ఆకు తెచ్చి, అరచేతిలో నలిపి, పిడికిలి బిగిస్తే బొటనవేలి పక్క నుంచి పచ్చటి చుక్కలు పుండు మీద పడేవి. పసరుకు ప్రతిఫలం తీసుకుంటే పసరు చస్తుందని ఒక్క జొన్నగింజ కూడా ముట్టుకునేది కాదు. తంబాకు మాత్రం ప్రతిఫలం కింద రాదని ఆమె నమ్మకం. ఆ సంగతి తెలిసినవాళ్లు పోతూ పోతూ గడప మీద ఒక చిటికెడు పెట్టి పోయేవాళ్లు, ఆమె చూడనట్టే చూసేది.

ఆ పసరుకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఆకు తెంపేవాళ్లు నిద్ర లేచింది మొదలు పసరు పుండు మీద పడేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. ఎవరు పిలిచినా పలకకూడదు. మా దిక్కు దాన్ని నోరు కట్టుకోవడం అనేవాళ్లు. తెంపేటప్పుడు ఇంకొకరు చూడకూడదు. వేరు కదలకూడదు. అన్నిటికంటే పెద్దది, ఆకు పేరు బయటికి చెప్పకూడదు. ఇది ఫలానా ఆకు అన్నామా, దాని పని దిగిపోతుంది. మా ఇంట్లో దాన్ని "గా ఆకు" అనే అనేవాళ్లు. వెనకటికి తెంపేముందు మనసులో చదువుకునే మంత్రం కూడా ఒకటి ఉండేదట. మిషన్‌లో కలిశాక మంత్రాలు కూడదని చెప్పడంతో, అవ్వ ఆ మంత్రాన్ని తీసేసి దాని స్థానంలో పరలోక ప్రార్థన పెట్టుకుంది. మంత్రం ఎంత పొడుగో ప్రార్థనా దాదాపు అంతే పొడుగు ఉండడం తన అదృష్టమనేది.

ఆ ఏడు క్రిస్మస్ వెళ్లాక కంది కోతల్లో మా నాయిన కాలికి కొయ్య దిగింది. కంది కోసినచోట నేలలో మిగిలే మొదళ్లు చెక్కిన మేకుల్లా నిలబడి ఉంటాయి, అరిగిన చెప్పును అవి లెక్కచేయవు. అరికాలి మధ్యలో దిగిన కొయ్యను ఆయన లాగి పారేసి, గాయం మీద ఇంత మట్టి అద్ది, మళ్లీ కోతలో వంగాడు. మా వాడలో మగవాళ్లందరూ చేసే తెలివితక్కువ పనే అది. మట్టిలో పుట్టిన గాయానికి మట్టే మందని వాళ్ల ధీమా. నాలుగు పొద్దులు గడిచేసరికి పాదం బూరెలా పొంగింది. చీము పట్టింది, ఒళ్లు కాలిపోయింది. రోజూ కోడి కూయకముందే లేచి, నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ విసుక్కోకుండా జవాబు చెప్పే ఏకైక మనిషి, గోడ వైపు తిరిగి పడుకుని మూలుగుతుంటే, నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు.

మిషన్ బంగళాకు వారానికోసారి వచ్చే నర్సమ్మ చూసింది. ఆమె మంచి మనిషి, చేతులు మెత్తన, మాట గట్టి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో రెండు పూటలా కడగమని చెప్పి, ఎర్రదనం ఎక్కడిదాకా ఎక్కిందో అక్కడ, మడమకు కాస్త పైన, తన ఊదారంగు మందుతో చుట్టూ ఒక గీత గీసింది.

"గీ గీత దాటి పైకి ఎర్రగైతే ఆగొద్దు" అని మా అమ్మతో చెప్పింది. "బండి కట్టి బీదర్ పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. ఇంక ఆల్చెం చేస్తే కాలు దక్కది."

అవ్వ పక్కనే ఉండి, "పసరు పోస్త మరి?" అని అడిగింది.

"ఆకును కాచిన నీళ్లల కడుగు, నీ చెయ్యి కడుగు, అటెన్క పసరు పొయ్యి" అన్నది నర్సమ్మ. ఇద్దరికీ ఎట్లాంటి పట్టింపూ లేదు. పట్టింపులన్నీ చుట్టూ ఉన్నవాళ్లకే.

చిక్కు ఇంకో చోట వచ్చింది. తల్లి చేతి పసరు సొంత కొడుకు మీద పనిచేయదట. కడుపున పుట్టినవాడి కోసం తెంపితే చెయ్యి వణుకుతుందని, వణికిన చేతి ఆకులో సత్తువ ఉండదని అవ్వకు వాళ్ల అత్త నేర్పిన కట్టుబాటు. కూతురు చేతి పసరు మాత్రం తండ్రికి పడుతుందట. ఆ ఇంట్లో కూతురు అంటే నేనే. అవ్వ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ సంగతంతా చెప్తుంటే, పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తున్న మా అమ్మ అంత బాధలోనూ నవ్వింది.

"గీ లొల్లి పిల్ల నోరు కట్టుకుంటదా అత్తా? అయ్యే పనేనా?"

"కట్టుకుంటది" అన్నది అవ్వ. "నాయిన కాలు కావాల్నంటే కట్టుకుంటది. ఏం పిల్లా?"

తల ఊపాను. ఆ తల ఊపడంతోనే ఆయన కాలు నా నోట్లోకి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. నేను నోరు జారితే కాలు పోతుంది. ఎవరూ అంత మాట అనలేదు గాని, నాకు అట్లాగే అర్థమైంది.

మర్నాడు మొదలైంది నా తిప్పలు. చలికాలం కాబట్టి పొలం గట్ల మీద ఆకు ఎండి ముడుచుకుపోయింది. పచ్చగా ఉన్నది ఒక్క మిషన్ బడి వెనక బావి దగ్గరే, చేద నుంచి ఒలికిన నీళ్లు పారే చిన్న కాలువ గట్టున. ముంత పట్టుకుని వాడ దాటి అక్కడిదాకా పోవాలి. దారి పొడుగునా పలకరింపులే. "ఏందే సువార్తా, కబుర్లేంది?" అని ఒకరు, "మీ నాయినకెట్లున్నది?" అని ఇంకొకరు. జవాబు గొంతు దాకా వచ్చి, పళ్ల వెనక నిలబడి, లోపలికి తొయ్యమంటే పోనని మొండికేసేది. పెదాలు రెండూ పళ్ల కింద నొక్కిపెట్టి నడిచేదాన్ని. పొగరెక్కిందనుకున్నారు కొందరు. పంటినొప్పి అనుకుని లవంగం ఇవ్వబోయిన ముసలమ్మ కూడా ఉంది.

మొదటి రోజు అవ్వ తనే తోడు వచ్చి, మాట లేకుండా వేలితో మొక్కను చూపించి, అటు తిరిగి నిలబడింది. నేను వంగి చూసి నిర్ఘాంతపోయాను. నేల మీద పాకే మొక్క, అంచులు కోసినట్టుండే గరుకు ఆకు, పొడుగు కాడ చివర పసుపు గుండు, దాని చుట్టూ తెల్లటి చిట్టి రేకులు. ఇది మా పలకాకు! బడిలో పిల్లలందరం రోజూ తెంపి, బొగ్గుతో కలిపి పలకలు రుద్దుకునే ఆకు. ఆ పూల కాడలు మెలిపెట్టి గుండు ఎగరగొట్టి, ఎవరిది దూరం పడితే వాళ్లు గెలిచినట్టు ఆడుకునే మొక్క. ఊరంతా అవ్వను బతిమిలాడినా బయటపడని రహస్యం మా అందరి పలకల మీదే ఉన్నది. ఇంత పెద్ద కబురు నా జన్మలో నాకు దొరకలేదు, దొరికిన కబురును ఎవరికీ చెప్పకూడదు. నా ప్రాణ స్నేహితురాలు కరుణ పక్కన కూర్చుని, అదే ఆకుతో పలక రుద్దుతూ, "మీ అవ్వ ఏం ఆకు పోస్తదే?" అని అడిగినప్పుడు నేను పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు.

ఇల్లు చేరగానే అవ్వ కాచిన నీళ్లలో ఆకు కడిగి నా అరచేతిలో పెట్టేది. నా చిన్న పిడికిలి చాలక, దాని మీద తన పిడికిలి బిగించేది. పిండింది నువ్వే అని లెక్క. పచ్చటి చుక్క పుండులో పడగానే నాయిన పళ్లు బిగపట్టి, మంట దిగేదాకా కళ్లు మూసుకుని, ఆ తర్వాత నా వైపు తిరిగి ఒకే మాట అనేవాడు.

"ఇగ మాట్లాడు బిడ్డా."

అంతే, గండి పడ్డ చెరువులా పొద్దుటి నుంచి ఆగిన మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి వచ్చేవి. దారిలో ఎవరేమన్నారు, లవంగం ముసలమ్మ, బావి దగ్గర ఉడుత, అన్నీ. ఆయన జ్వరం కళ్లతో వింటూ ఊ కొట్టేవాడు. కొన్నాళ్లు గడిచినా ఎర్రదనం నర్సమ్మ గీత దగ్గరే ఆగి ఉంది, దాటలేదు. కానీ తగ్గనూ లేదు. అవ్వ రోజూ ఆ గీతను వేలితో తడిమి చూసేది. బండి ఎవరిది దొరుకుతుందో మా అమ్మ కనుక్కుని పెట్టుకుందని నాకు తెలుసు.

అట్లా ఉండగా మిషన్ వాళ్ల దొరసాని బడి తనిఖీకి వస్తుందని కబురు వచ్చింది. సామ్యేలు పంతులు మాకు పాఠాలు చెప్పేవాడు, ఆదివారం గుడిలో వాక్యమూ ఆయనే చెప్పేవాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పసర్లు, తాయెత్తులు, నోరు కట్టుకోవడాలు అన్నీ పాత చీకటి అలవాట్లని ఆయన గుడిలో నిలబడి చెప్తుంటే మా అవ్వ ముందు వరసలో కూర్చుని, అందరికంటే భక్తిగా తల ఊపేది. ఆయన ముందురోజే చెప్పాడు, రేపు పొద్దున్నే వచ్చి పలకలు అద్దాల్లా రుద్దాలని.

ఆ పొద్దున నేను ముంతతో బావి దగ్గరికి పోయేసరికి బడి పిల్లలంతా నాకంటే ముందే కాలువ గట్టున ఉన్నారు. గుప్పెళ్లతో తెంపుతున్నారు. వేళ్లతో సహా పీకుతున్నారు. ఒక పక్కంతా అప్పటికే బోడిగా, తడిమట్టి తేలి ఉంది. దానం అనే పిల్లవాడు అంగీ నిండా ఆకులు నింపుకుని, మిగిలిన గుంపు మీద చెయ్యి వేయబోతున్నాడు. ఇది మా నాయిన కాలికిరా, పీకొద్దురా అని అరవడానికి నా ప్రాణమంతా గొంతులోకి వచ్చింది. అరిస్తే ఆకు దక్కుతుంది, అందులో పని పోతుంది. అరవకపోతే ఆకే పోతుంది. ఊరిలో ఇంకెక్కడా ఆ పచ్చదనం లేదు. ఆలోచించే వయసూ కాదు, తీరికా లేదు. పోయి ఆ మిగిలిన గుంపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"లే సువార్తా" అన్నాడు దానం. నేను కదలలేదు. "లెవ్వే, దొరసాని వస్తది" అని కరుణ చెయ్యి పట్టి లాగింది. నేను రెండు చేతులూ మట్టిలో దిగేసి బిగుసుకున్నాను. లొల్లి పిల్లకు ఏదో పట్టిందని ఒకరు, అలిగిందని ఒకరు, చుట్టూ మూగారు. ఎవరో నవ్వారు. మట్టి చల్లదనం లంగాలోంచి పాకుతుంటే, కన్నీళ్లు కారుతున్నా పెదాలు విప్పకుండా కూర్చున్నాను. ఆ అల్లరికి సామ్యేలు పంతులు చేతిలో బెత్తంతో వచ్చాడు.

"ఏంది గీ తమాషా? లే" అన్నాడు. నేను లేవలేదు. "నిన్నే అడుగుతున్న. నోట్లె నాలుక లేదా?" అన్నాడు. రోజూ బడిలో నా నాలుకను ఆపలేక అలిసిపోయే మనిషి ఆయన. చెయ్యి చాపమన్నాడు. చాపాను. బెత్తం ఎత్తినవాడల్లా నా చేతికి అంటిన పచ్చరంగు చూశాడు. రోజూ పసరు పిండి పిండి నా అరచేయి కడిగినా పోనంత పచ్చబడి ఉంది. ఆ తర్వాత నా పక్కనున్న ముంత చూశాడు, అందులో మడిచి పెట్టిన ఉతికిన గుడ్డ చూశాడు. బెత్తం దించాడు. నా ముందు గొంతుకూర్చుని, పిల్లలకు వినబడనంత మెల్లగా అడిగాడు.

"నోరు కట్టుకున్నవా బిడ్డా?"

తల ఊపాను.

"నాయినకా?"

మళ్లీ ఊపాను. ఆయన లేచి పిల్లలతో, "గీ ఆకు ఇగ ముట్టొద్దు. కంచెకు కాకిదొండ తీగున్నది, గది తెంపుకోండ్రి. బొగ్గు కలిపితే గింతకంటే నల్లగైతయి పలకలు" అన్నాడు. దానం అంగీలోని ఆకులన్నీ తెచ్చి నా ముంతలో వేయబోతే నేను ముంత వెనక్కి లాక్కున్నాను. "నీవి వద్దురా" అన్నాడు పంతులు వెంటనే. "మాట్లాడినోల్ల చేతి ఆకు పనికిరాది." అనేసి, తన నోటి నుంచి వచ్చిన మాట తనకే వినబడి, గొంతు సవరించుకున్నాడు.

ఆయన ఆ తర్వాత చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. పిల్లలందర్నీ బడి గోడ దగ్గరికి తోలుకుపోయి, ముఖాలు గోడకు తిప్పి వరసగా నిలబెట్టి, ఎక్కాలు గట్టిగా చదవమన్నాడు. తను కూడా గోడకే తిరిగి, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ చూడకూడదు కదా. వాడలో పిల్లలందరూ గోడకు ముఖం పెట్టి అరుస్తున్న ఆ ఎక్కాల మధ్య నేను లేచి, కూర్చుని నలిపేసిన గుంపు పక్కన మిగిలిన మంచి ఆకులు చూసి, వేరు కదలకుండా, మనసులో పరలోక ప్రార్థన ఎక్కాలతో కలిసిపోకుండా జాగ్రత్తగా చదువుకుంటూ, ముంత నింపుకున్నాను.

ఇంటికొచ్చి పసరు పోశాక నాయిన ఎప్పటిలాగే అన్నాడు, "ఇగ మాట్లాడు బిడ్డా" అని. మాట రాలేదు. ఆయన కాలి పక్కన తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. ఏమైందో తెలియక ఆయన నా వీపు నిమురుతూ, "మెల్లగ మాట్లాడు, యాడికి పోత నేను" అన్నాడు. చెప్పాను మరి. అంతా చెప్పాను, ఆకు పేరు తప్ప. పంతులు గోడకు తిరిగి నిలబడ్డ సంగతి విని ఆయన నవ్వాడు. కొయ్య దిగిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ వారంలోనే ఎర్రదనం గీత నుంచి కిందికి దిగింది. అవ్వ వేలు పెట్టి తడిమి, ఈసారి మా అమ్మను పిలిచి చూపించింది. చీముతో పాటు లోపల విరిగి ఉండిపోయిన కొయ్య ముక్క కూడా బయటపడింది, గోరంత. నర్సమ్మ వచ్చి చూసి, ఉప్పునీళ్లు బాగా కడిగారని మెచ్చుకుంది. పసరు బాగా పట్టిందన్నది అవ్వ. ప్రార్థన విన్నాడన్నది మా అమ్మ. నా నోరే కాపాడిందని నాకు తెలుసు గాని, పెద్దవాళ్ల మధ్య ఎందుకని ఊరుకున్నాను. బండి కట్టే పని రాలేదు. జొన్న పాలకంకుల నాటికి ఆయన చెప్పులేసుకుని చేను గట్టు దాకా నడిచి వచ్చి, కాల్చిన కంకులు నలిపి నా చేతిలో పోశాడు.

ఆ ఆదివారం పంతులు చీకటి అలవాట్ల గురించి చెప్పలేదు. నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి వాక్యం చెప్పాడు, చాలాసేపు చెప్పాడు. మధ్యలో ఒకసారి నా వైపు చూశాడు. నేను అప్పుడు కరుణతో మాట్లాడుతున్నాను.

నాయిన ఆ కాలితో చాలా ఏళ్లు నడిచాడు. నా పెండ్లికి బండి ముందు నడిచాడు, నా పిల్లల్ని భుజాన ఎత్తుకుని అంగడికి తీసుకుపోయాడు. అరికాలిలో శనగగింజంత మచ్చ మిగిలింది, ముసలితనంలో కాళ్లు ఒత్తుతుంటే నా వేలికి అది తగిలేది. అవ్వ పోయేముందు నన్ను పిలిచి, ఒక ఆకు నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. దాన్ని నేను ఇంకొకరికి అట్లాగే ఇవ్వాలని అర్థం. ఇవ్వడానికి ఎవరూ అడగలేదు. ఊళ్లో దవాఖానలు వచ్చాయి, గోలీలు వచ్చాయి, మంచిదే, నా పిల్లల జ్వరాలకు నేనూ వాటి వెంటే పరుగెత్తాను.

కథ విని స్నేహ, ఆ బావి గట్టు చూడాలన్నది. చూడ్డానికి ఏముంది, బావి పూడ్చి చాలా కాలమైంది, కాలువ పారిన చోట సిమెంటు రోడ్డు. పలకలు పోయాయి, పలకలతో పాటు పలకాకు అనే మాటా పోయింది. చేలలో గడ్డిమందు కొట్టి కొట్టి గట్ల మీద ఆ మొక్క కనబడడం మానేసింది. ఆమె తెచ్చినవి సంగారెడ్డిలో కాలేజీ ప్రహరీ పక్కన దొరికినవట, అవి కూడా చాలవట. మా ఇంటి వెనక, నీళ్ల ట్యాంకు నిండి పొర్లే చోట, నాలుగు మొక్కలు ఉన్నాయని నాకు తెలుసు. అటు గడ్డిమందు సీసాతో వచ్చిన మా కొడుకును నేనే తరిమాను, ఎందుకో వాడికి చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే స్నేహ ఇంకా నిద్రలో ఉండగా లేచి, గిన్నె తీసుకుని వెనక్కి పోయాను. మోకాళ్లు వంగనంటే ఒక పక్కకు ఒరిగి కూర్చుని తెంపాను. పాలవాడు పలకరించాడు, చెయ్యి ఊపాను. కోడలు చాయ్ తాగుతావా అని అడిగింది, తల ఊపాను. కాచిన నీళ్లలో ఆకు కడిగి, మిక్సీ వద్దని సైగ చేసి, అప్పుడే లేచి వచ్చిన స్నేహ ముందు నా పిడికిలి చాపాను. ఈ చేతుల్లో ఇప్పుడు అంత బలం లేదు. స్నేహ నన్ను చూసి, తన పిడికిలి నా పిడికిలి మీద వేసి బిగించింది. పచ్చటి చుక్కలు ఒకటొకటిగా సీసాలో పడ్డాయి.

సీసాకు మూత పెట్టినా నేను అట్లాగే కూర్చున్నాను. లేవాలని తెలుసు, చాయ్ చల్లారుతోందని తెలుసు. ఆ పని అయ్యాక ఒక మాట వినబడాలి, అది వినబడక ఎన్నేళ్లయిందో అప్పుడు తెలిసింది. స్నేహ సీసా పక్కన పెట్టి, నా పచ్చటి అరచేతిని తన ఓణీతో తుడుస్తూ అన్నది.

"ఇగ మాట్లాడు నానమ్మా."

మధ్యాహ్నం అన్నం వేళ దాకా నేను ఆపలేదు.